మడి మీద నీడ

మా మామగారంత మొండిఘటాన్ని నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఉప్పుమడులే ఆయన లోకం. సముద్రపు నీళ్ళు మడుల్లోకి పెట్టడం, ఎండకి ఆరనివ్వడం, తెల్లగా పేరుకున్నాక కర్రకి బిగించిన చెక్కతో లాగి గట్టున కుప్పపోయడం. మా అత్తయ్య కాపురానికొచ్చిన ఏడాది నుంచీ ఆ చెక్క పట్టింది. అందరూ ఆయన్ని ఎండ పెద్దాయన అనేవారు. సరిగ్గానే పెట్టారు పేరు.

"చలికాలం ఎండ ఏటవాలుగా పడుతుందమ్మా, నేలంతా పలచగా పరుచుకుంటుంది. ఎండాకాలం నడినెత్తిన నిలబడి ఒక్కచోటే కుమ్మరిస్తుంది. అదే మన పంట!" అని మురిసిపోయేవారు. మడుల దగ్గర చెట్టు ఉండకూడదు, పాక ఉండకూడదు. నీడ పడ్డచోట ఉప్పు పట్టదని మా వాళ్ళందరి పట్టుదల. అత్తయ్య మాత్రం ఏటా పోరేది.

"ఏమయ్యా, చిన్న పందిరన్నా వెయ్యి. కాసేపు కూలబడతాం."

"కూలబడ్డానికి ఇంట్లో మంచముందిగా!"

"నన్ను కాదు, ఆ ఎండని కట్టుకోవాల్సింది నువ్వు!"

అందరం పకపకా నవ్వేవాళ్ళం.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి, ఉప్పు మాత్రం సరిగా పట్టలేదు. సముద్రం వేడెక్కి ఆవిరి ఎగదోస్తోంది. తేమతో నిండిపోయిన గాలి మడిలో నీళ్ళని ఇంకేం తాగుతుంది? మామయ్య రోజూ వేలు ముంచి నాలుక్కి రాసుకుని, "ఆరలేదు, ఆరలేదు," అని విసుక్కునేవారు. అకాల వాన పడితే పేరుకున్నదీ కరిగిపోతుందని ఆయన బెంగ. అందుకని పట్టినంత లాగేద్దామని మిట్టమధ్యాహ్నం కూడా అందర్నీ మడుల్లోనే ఉంచారు.

అత్తయ్య చెమటతో తడిసి ముద్దయిపోయింది.

"కళ్ళు తిరుగుతున్నాయయ్యా, ఇంటికెళతా."

"ఈ ఒక్క మడీ అవనీ," అన్నారాయన.

మడి సగంలో ఆవిడ చెక్క వదిలేసి బోర్లా పడింది.

ఎత్తి పడుకోబెడదామంటే ఎక్కడ? కనుచూపు మేరలో ఇంత నీడ లేదు. అందరం చుట్టూ నిలబడి, వంగి, మా ఒళ్ళే అడ్డం పెట్టాం. నడినెత్తి సూర్యుడి కింద మనిషి నీడెంత? కాళ్ళ కిందకే చాల్లేదు. నీళ్ళు చల్లాం, కొంగులతో విసిరాం. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. బండి దొరికి ఆసుపత్రికి చేర్చేసరికే ప్రాణం పోయింది.

అన్నీ అయ్యాక మామయ్య గట్టున పందిరి వేశారు. దాని నీడ సగం మడి మీద పడింది. నేను చెంబుతో మంచినీళ్ళు తీసుకెళ్తే, ఆయన పందిరి బయట ఎండలో కూర్చుని ఉన్నారు.

"లోపల కూర్చోండి మామయ్యా."

"అది మీ అత్తయ్యదమ్మా," అన్నారు. మడి మీద పడ్డ నీడనే చూస్తూ, "మడి ఆరలేదని రోజూ నాలుక పెట్టి చూశాను. దాని ఒంటి మీద చెమటా ఆరడం లేదని చూడలేదు," అన్నారు.

నాకు కోపం పోలేదు, ఏడుపు మాత్రం వచ్చింది. చెంబు పందిరి కింద పెట్టి వచ్చేశాను.