గుంజకు కట్టిన నీలం రుమాలు

మా చిన్నప్పుడు... ఆదివారం తెల్లవారగానే తాపీ నది మీద మా పడవ ఉండేది. ముందు మా నాన్న, అదే మా బాపు, తెడ్డు పట్టుకుని... వెనక నేను ఎర పిండి గిన్నె ఒళ్లో పెట్టుకుని...

"ఇంకా ఇరవై నిండలేదు, నీకు చిన్నప్పుడేంటి తల్లీ" అని నవ్వేవాళ్లు నవ్వండి. మా చిన్నతనం కరోనాలోనే అయిపోయింది. అప్పటిదాకా జరిగిందంతా మాకు చిన్నప్పుడే.

బాపుది సూరత్‌లో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద బట్ట నేసే పని. వారమంతా చెవుల్లో ఆ మోతే. అందుకే సెలవు రోజు గాలం పట్టుకుని, నదికి అడ్డంగా ఉన్న కోజ్‌వే వంతెనకు ఎగువన నీళ్లు కదలని చోటికి పోయేవాడు. చేపలు ఒక వంక మాత్రమే... ఆయనకు కావలసింది నిశ్శబ్దం.

అక్కడ సరదాకు గాలం వేసేవాళ్లకు ఒక మర్యాద ఉండేది. ముందు వచ్చినవాళ్లు నీళ్లలో పాతిన వెదురు గుంజకు తమ గుడ్డ కట్టుకుంటారు. గుడ్డ ఉందంటే చోటు వాళ్లది. తర్వాత వచ్చినవాళ్లు దూరంగా ఆగి తెడ్డు పైకెత్తి పట్టుకోవాలి. అవతలివాళ్లు చెయ్యి ఎత్తితే దగ్గరికి రావచ్చు, లేదంటే చుట్టు తిరిగి పోవాలి. వెళ్లేటప్పుడు గుడ్డ విప్పుకుని, మిగిలిన ఎర పక్క పడవకు ఇచ్చి పోవాలి... అదీ చేతికి కాదు, తెడ్డు మీద పెట్టి చాపాలి.

ఇక పేరు, ఇల్లు, సంసారం సంగతులు నీళ్ల మీద అడగకూడదు. నేను నోరు తెరవబోతే బాపు కళ్లతోనే కొట్టేవాడు.

మా పక్క గుంజ ఒక గుజరాతీ కాకాది. నీలం రుమాలు కట్టేవాడు. ఊళ్లోనే కతర్‌గామ్ పేటలో వజ్రాలు సానపట్టే పని అని ఒకసారి తనే చెప్పాడు. వాళ్లింట్లో గుడ్డు కూడా ముట్టరట, ఈ గాలం సంగతి ఇంట్లో తెలియదట... అంతే, అంతకు మించి మాకేమీ తెలియదు. పడిన ప్రతి చేపనూ ఒక కన్ను మూసి, ఎండకు పట్టి చూసి, మెల్లగా నీళ్లలో వదిలేసేవాడు.

"పట్టుడెందుకు, ఇడుసుడెందుకు? ఏం మనిషో ఏమో!" అని బాపు గొణుక్కునేవాడు. మా పులుసులోకి రావలసిన బొచ్చెలు అలా ఈదుకుంటూ పోతుంటే నాకూ ప్రాణం ఉసూరుమనేది.

తర్వాత లాక్‌డౌన్... సాంచెలు ఆగిపోయాయి. గల్లీలో సగం ఇళ్లకు తాళాలు పడ్డాయి. నా దోస్తు లావణ్య వాళ్లు రైలెక్కి సిరిసిల్ల వెళ్లిపోయారు. వాళ్ల మెట్ల మీద ఒక్కదాన్నే కూర్చుని అచ్చనగాయలు ఆడేదాన్ని. దాని వంతూ నేనే ఆడేదాన్ని, దాని బదులు నేనే గెలిచేదాన్ని.

మళ్లీ బయటికి పోనిచ్చాక నది మీదికి వెళ్తే... కాకా అక్కడే ఉన్నాడు, ముఖానికి మాస్కుతో. బాపు తెడ్డు ఎత్తాడు, కాకా చెయ్యి ఎత్తాడు. లోకమంతా కొత్తగా నేర్చుకుంటున్న దూరం మాకు ముందే అలవాటు.

ఆ రోజు నుంచి కాకా ప్రతి చేపనూ వదిలే ముందు నా వైపు తిప్పి చూపించేవాడు. "జో దీకరీ, కేవీ చమకే ఛే!" చూడు బిడ్డా, ఎలా మెరుస్తోందో అని. ఇంట్లోవాళ్లు కాక నాతో మాట్లాడే మనిషి అప్పట్లో ఆయనొక్కడే. ఆ ఒక్క మాట కోసం వారమంతా ఎదురుచూసేదాన్ని.

మరుసటి ఏడు ఎండాకాలం... ఒక ఆదివారం కాకా బాగా దగ్గుతున్నాడు. మిగిలిన ఎర తెడ్డు మీద పెట్టి చాపితే, దగ్గుకు తెడ్డు ఊగి సగం నీళ్లలో పడింది. తొందరగా వెళ్లిపోయాడు. రుమాలు గుంజకే ఉండిపోయింది.

"పేరన్న అడిగి పెట్టుకుంటె ఏమైతుండె బాపూ?" అన్నాను.

"ఇంట్ల తెల్వదాయె బిడ్డా. మనం వోయి గాలం దోస్తులమంటె ఆయన ఇజ్జత్ ఏం గావాలె? వచ్చే ఐతారం తనే వస్తడు తియ్యి."

రాలేదు... ఆ తర్వాతా రాలేదు. ఊరంతా అంబులెన్సుల కూతలు. ఎక్కడని వెతుకుతాం? కతర్‌గామ్‌లో ఏ గల్లీలో చూసినా వజ్రాల పనివాళ్లే. మేము ఎంతో పద్ధతిగా ఉన్నాం... అందుకే ఆ మనిషి బతికున్నాడో లేదో కూడా తెలియకుండా పోయింది.

ఒకరోజు కుర్రాళ్లు కొందరు మోటారు పడవ మోత పెట్టుకుంటూ వచ్చి ఆ గుంజ దగ్గర ఆపారు. ఒకడు రుమాలు విప్పబోయాడు. నీళ్ల మీద ఎన్నడూ గొంతెత్తని మా బాపు లేచి నిలబడ్డాడు. పడవ ఊగిపోయింది.

"ఏ భాయ్! జగా ఖాలీ నహీ హై!" ఈ చోటు ఖాళీ లేదని.

"కోయీ తో నహీ హై, చాచా" అన్నాడు ఆ కుర్రాడు, ఎవరూ లేరు కదా అని నవ్వుతూ.

"ఆయేగా" అన్నాడు బాపు. వస్తాడు అని. వాళ్లకేం అర్థమైందో, మోటారు ఆపేసి తెడ్డు వేసుకుంటూ వెళ్లిపోయారు.

వానాకాలం వరద గుంజనూ, రుమాలునూ తీసుకుపోయింది. బాపు అదే చోట కొత్త గుంజ పాతాడు. దానికి మా గుడ్డ ఎప్పుడూ కట్టలేదు.

ఇప్పుడు సాంచెలు తిరుగుతున్నాయి. లావణ్య వాళ్లు మాత్రం తిరిగి రాలేదు. నది మీద సెల్ఫీల పడవలు, పాటల హోరు... ఎవరి గాలం మీదుగా ఎవరు పోతున్నారో పట్టించుకునే దిక్కు లేదు. బాపు ఒక్కడే, ఆ ఖాళీ గుంజ కనబడగానే ఇప్పటికీ తెడ్డు ఎత్తి ఆగుతాడు. కాసేపు అలాగే చూస్తాడు. తర్వాత చుట్టు తిరిగి మా చోటికి పోతాం.

మీకూ ఇలా పేరు తెలియకుండానే దగ్గరైన మనిషి ఎవరైనా ఉంటే రాయండి... చదువుకుంటాను.

కతర్‌గామ్‌లో ఉండే మనవాళ్లెవరైనా ఇది చూస్తే ఒక్క మాట. మీ పక్కింట్లో, ఆ రోజుల్లో ఆదివారం పొద్దున్నే ఎక్కడికో వెళ్లి, ఉత్త చేతులతో తిరిగొచ్చే పెద్దాయన ఉంటే... వాళ్లింట్లో చెప్పకండి. ఒక్క చేపను కూడా చంపలేదాయన. నాకు పేరు కూడా చెప్పనక్కర్లేదు. బాగున్నాడా... అదొక్కటి చెప్పండి చాలు.