రెప్ప పడిన ఫోటో

ఫోటో స్టూడియో ముసలాయన ఎవరినీ ఒక్క ఫోటోతో వదిలిపెట్టడు. తన గడ్డం తనే ఎత్తి ఎలా కూర్చోవాలో చూపిస్తాడు, బటన్ నొక్కుతాడు, ఆ వెంటనే "రెప్ప పడిందేమో, ఇంకొక్కటి" అంటాడు. నిన్న పాస్‌పోర్టు ఫోటో కోసం వచ్చిన టీచరమ్మకి ఆరోసారికి ఓపిక పోయింది.

"మళ్లీ పుట్టినా ఇదే పని చేస్తారా బాబాయ్?"

"ఇదేనమ్మా. ఒక్క ఫోటో మాత్రం మళ్లీ తీస్తా."

ఆయన చూపు వెంట ఆమె గోడకేసి చూసింది. పెళ్లయిన కొత్తలో ఆయన తీసిన భార్య ఫోటో. అందులో ఆవిడ కళ్లు మూసుకుని ఉంది.

"ఇంకోటి తీయమంది. రీలు దండగన్నాను."

ఆ ఏడే ఆవిడ పోయింది. మరో ఫోటో లేదు. రోజూ షట్టరెత్తగానే ఆయన దాని ముందు కాసేపు నిలబడతాడు. తను రెప్ప వేసిన క్షణంలోనే ఆవిడ కళ్లు తెరుస్తుందేమోనని, అంతసేపూ రెప్ప వేయడు.