షాఫ్టు ముక్కుకు చుట్టిన నూలు

మా అన్న ఆ బండిని కావాలనే ఆపాడని మోత్కూరంతా ఎనిమిది నెలలు చెప్పుకుంది. టైరు పగలలేదు, ట్యాంకులో పెట్రోలు ఉంది, అద్దం మీద గీత కూడా పడలేదు. ఆలేరు దారిలో, సీతాఫలం చెట్ల దగ్గర, డాక్టరుగారి చిన్న కారు చెక్కు చెదరకుండా నిలబడి ఉంది. ఆ రోజుల్లో ఊళ్ళ మీద పడుతున్న తుపాకులవాళ్ళు వెంటబడి వచ్చి, వెనక సీట్లో ఉన్న డాక్టరుగారిని దింపి కాల్చారు. బండి నడిపిన మా అన్ననూ కాల్చారు. చచ్చిపోయినా ఆయన్ను జనం వదలలేదు.

"ముందే మాట్లాడుకొని ఆపిండు. పని అయినంక వాన్ని గూడ ఖతం చేసిన్రు" అన్నారు.

మా వదినె నీళ్ళకు పోతే బావి దగ్గరి ఆడవాళ్ళు బిందెలు తీసుకుని పక్కకు జరిగేవారు. దినాలు అయిపోయిన రోజు ఆమె నన్ను ఒక్కటే అడిగింది. "బండి ఎందుకాగిందో నాకు తెలువాలె. నువ్వు మోటార్ల పని చేసెటోనివి. నువ్వే చెప్పాలె."

చెప్తానన్నాను. కానీ బండి ఠాణా ఆవరణలో ఉంది, నన్ను దగ్గరికి రానివ్వలేదు. పోలీసు యాక్షన్ అయిన కొన్ని నెలలకు డాక్టరుగారి తమ్ముడు దాన్ని ఎడ్ల బండికి కట్టి ఆలేరు స్టేషను దగ్గరున్న నా రేకుల షెడ్డుకు లాక్కొచ్చాడు.

"మీ అన్న ఆపినప్పటి సంది మళ్ళ నడువలే. నీకు తప్ప ఎవలకు తెల్వదు గీ బండి" అన్నాడు. నా ముఖం చూడలేదు. నేనూ ఆయన ముఖం చూడలేదు. నాకు కోపంగా ఉంది. కారణం ఏదో బయటికి తీసి ఊరి ముందు పెడతాను, అప్పుడు వీళ్ళంతా తలలు ఎక్కడ పెట్టుకుంటారో చూస్తాను అనుకున్నాను.

ఆ బండి నాకు నిజంగానే బాగా తెలుసు. అన్న చనిపోయే ముందటి చలికాలం దాని గేర్ బాక్సు పగిలిపోయింది. ఆ రోజుల్లో కొత్త సామాను దొరికేది కాదు. హైదరాబాదు పాత సామాన్ల బజారులో వెతికితే అదే రకం చిన్న కారుది, కాస్త పాతది, ఒక గేర్ బాక్సు దొరికింది. ఇంజనుకు గేర్ బాక్సు కుదురుతుందో లేదో చూడటానికి ఒక వరస ఉంది. ముందు చుట్టూ ఉన్న బోల్టు రంధ్రాలు కలవాలి. కలిశాయి. తర్వాత గేర్ బాక్సు నుంచి వచ్చే షాఫ్టు పళ్ళ మీద, ఇంజను బలాన్ని చక్రాలకు అందించే క్లచ్చి ప్లేటు జారి కూర్చోవాలి. కూర్చుంది. చివరగా షాఫ్టు ముక్కు, అంటే దాని సన్నటి కొన, ఇంజను వెనకభాగాన తిరిగే బరువు చక్రం నడిమి, ఒర లాంటి ఇత్తడి బుష్‌లో వదులు లేకుండా దిగాలి. ఇంజను, గేర్ బాక్సు ఒక్క గీతలో తిరిగేది ఆ ముక్కు ఆధారంతోనే.

అది దిగింది గానీ ఆడింది. వేలితో కదిపితే బియ్యపు గింజంత వదులు. పాత రకానికి ముక్కు సన్నగా ఉంటుందని అప్పుడే అర్థమైంది. ఆ కొలతకు కొత్త బుష్ పోయించాలంటే సికింద్రాబాదు పోవాలి. బండి త్వరగా కావాలని డాక్టరుగారు రోజూ మనిషిని పంపుతున్నారు.

మాది నేత ఇల్లు. బాపు తేలియా రుమాళ్ళు నేసేవాడు. ఆ నూలును ఆముదంలో, బూడిద నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి ఆరబెడతారు. ఎంత ఆరినా దానిలో జిడ్డు పోదు. ఇంట్లో దేనికి వదులున్నా, మగ్గం కర్రకైనా రాట్నం ఇరుసుకైనా, ఆ నూలే చుట్టి బిగిస్తాం. నేను వదినె దగ్గర ఒక ఎర్ర నూలు కండె అడిగి తెచ్చి, షాఫ్టు ముక్కుకు నున్నగా వరసలు పెట్టి చుట్టి, మా నేతవాళ్ళ పోగు ముడి వేసి బుష్‌లోకి దింపాను. ఆట పోయింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

వారం తర్వాత అన్న వచ్చాడు. "జర కొట్టుకుంటాంది తమ్మీ, లోపల" అన్నాడు.

"కొత్త జత కదనే. నాలుగు దినాలైతే సర్దుకుంటది" అన్నాను.

ఇప్పుడు, బండి మళ్ళీ నా షెడ్డుకు వచ్చాక, బోల్టులు విప్పి గేర్ బాక్సును వెనక్కి లాగాను. లాగగానే మసి, ఇత్తడి పొడి రాలాయి. క్లచ్చి ప్లేటు నడుమ చీలి, పళ్ళ దగ్గర పూర్తిగా ఊడిపోయి ఉంది. బుష్ గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా అరిగింది. దానిలో నల్లగా మాడిన ముద్ద ఒకటి ఇరుక్కుంది. స్క్రూడ్రైవరుతో పెకిలించి వెలుతురులో పెట్టాను. ఒక పక్క ఇంకా ఎర్రగా ఉంది. నేను వేసిన ముడి కూడా అలాగే ఉంది.

నూలు మాడి కుంగాక షాఫ్టు గీత తప్పి ఆడింది, ఆ ఆటకే ప్లేటు చీలింది. నేల మీద కూర్చుండిపోయాను. అన్న బండి ఆపలేదు. ఇంజను నడుస్తూనే ఉంది, చక్రాలకు అందలేదు. వెనక తుపాకులవాళ్ళు వస్తుంటే ఆయన యాక్సిలరేటరు తొక్కుతూనే ఉండి ఉంటాడు. దోషి కోసం ఎనిమిది నెలలు ఊరంతా వెతికాను. వాడు నా షెడ్డులోనే, నా బట్టల్లోనే ఉన్నాడు.

పక్కన కొలిమి వెలుగుతోంది. ఆ ముద్దను అందులో పడేసి, ప్లేటు అరిగిపోయిందని చెప్తే చాలు. అన్న మీద మచ్చ పోతుంది, నా మీదికి రాదు. ఈ ఆలోచన రాలేదని చెప్తే అబద్ధం. చాలాసేపు కొలిమి ముందే కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్నే మోత్కూరు పోయాను. వదినె రాట్నం మీద కండెలు చుడుతోంది. ఆ ముద్దను ఆమె చేతిలో పెట్టాను. ముడి తడిమి చూసింది.

"గిది మన నూలే గదా."

"ఔ వదినె." అంతా చెప్పాను. ముక్కు సన్నగా ఉండటం, నేను నూలు చుట్టడం, ప్లేటు చీలిపోవడం. ఆమె నా చేతులనే చూస్తూ వింది.

"లోపట ఏదో అయితాందని ఆయన నీకు చెప్పలేదా?"

చెప్పలేదని అనవచ్చు. చనిపోయిన మనిషి వచ్చి కాదనడు.

"చెప్పిండు" అన్నాను.

రాట్నం ఆపింది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ముద్దను కొంగున కట్టుకుని లేచింది. "నడువు. గీ మాటనే డాక్టరమ్మకు చెప్పు" అంది.

ఎనిమిది నెలలుగా డాక్టరుగారి వీధి వైపు తలెత్తి చూడని మనిషి నాకు ముందు నడిచింది. డాక్టరుగారి భార్య అరుగు మీద ఉంది. నేను వాకిట్లో నిలబడి మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. వదినె కొంగు విప్పి ఆ ముద్దను అరుగు మీద పెట్టింది. డాక్టరమ్మ దాన్ని ముట్టుకోలేదు. చివరికి లోపలికి తిరిగి పనిమనిషిని పిలిచింది.

"ఆమెకు పీట వెయ్యి. మంచినీళ్ళు తే."

వదినె కూర్చుంది. నీళ్ళు తాగింది. నన్ను ఎవరూ కూర్చోమనలేదు.