వెతికితే దొరకని మా మామిడితోట

సహోదరులారా, మామిడి పిందెలు గోలీకాయలంత ఉన్న రోజుల్లో మా ఇంటికి ఒక చీకటి కాలం వచ్చింది. కరెంటు పోయి కాదు, మేమే పోయాము! బంగారుపాళ్యం దగ్గర మాకు ఒక బేనీషా తోట, అంటే బంగినపల్లి మామిడి తోట ఉంది, ఆ పండ్లను మండీకి తోలకుండా మద్రాసు, బెంగుళూరుల్లో తినేవాళ్ళకే నేరుగా పెట్టెలు కట్టి పంపడానికి నేనొక వెబ్‌సైటు నడుపుతున్నాను, ఎవరైనా ఫోనులో మామిడి పండ్లని వెతికితే మొదటి పేజీలోనే మా తోట కనిపించేది. ఒక ఉదయం చూస్తే మొదటి పేజీలో లేము, రెండో పేజీలో లేము, వెనక్కి వెనక్కి పోతే మామిడి రంగు చీరలు కూడా వచ్చాయి గానీ మేము రాలేదు.

మా ఆయన ప్రభాకర్ చెట్లు చూసుకుంటాడు, నేను ఫోను చూసుకుంటాను. మా సంసారంలో పని అట్లా పంచుకున్నాము. ఆయన మాట తక్కువ మనిషి. ఆ రోజు మాత్రం చెప్పాడు.

"సూడు నిర్మలా, ఈ కాపు అమ్ముకోలేకపోతే తోట మండీ ఆయనకి గుత్తకిచ్చేస్తా. ఆయన అడగతానే ఉండాడు. నేను బెంగుళూరులో యాడన్నా వాచ్‌మేన్‌గా చేరతా."

ఆ చెట్లు ఆయన తన చేత్తో అంటు కట్టినవి. వాటిని ఇంకొకరికి అప్పజెప్పి ఎవరి గేటు దగ్గరో నిలబడే మనిషిని నేను ఊహించుకోలేకపోయాను. పైగా ఇందులో తప్పు చెట్లది కాదు, ఆయనది కాదు, నా ఫోనుది!

అక్కడినుంచి నాకు కలిగిన అయోమయం ఏమని రాయను! వెబ్‌సైటు రంగు బాగాలేదేమోనని మార్చాను, పండు బొమ్మ చిన్నదేమోనని పెంచాను, ఎక్కువ పెరిగిందేమోనని తగ్గించాను, ఎవరైనా దొంగలు పడ్డారేమోనని పాస్‌వర్డులన్నీ మార్చి ఆ మార్చిన మాటలు నేనే మరిచిపోయి నా వెబ్‌సైటు బయట నేనే నిలబడ్డాను. ఉపవాసం కూడా ఉన్నాను. అన్నిటికంటే ఎక్కువ బాధ ఏమిటంటే, ఆ పని నేను ప్రార్థించి మొదలుపెట్టినది. ప్రార్థించి చేసిన పని ఇట్లా ఎందుకైంది? "ప్రభువా, సాతాను పనైతే గద్దించు, నా తెలివితక్కువతనమైతే చూపించు, రెండూ అయితే ముందు రెండోది చూపించు" అని అడిగాను.

ఆయన రెండోదే చూపించాడు.

మా సంఘంలో ఒక అలవాటు ఉంది, మీ సంఘంలోనూ ఉండవచ్చు. ఎవరికైనా అక్కర ఉంటే లేచి నిలబడి ప్రార్థనాంశం చెబుతారు, సంఘమంతా ఒక్క మాట తప్పిపోకుండా అదే అంశాన్ని ఎత్తి ప్రార్థిస్తుంది. క్రిస్మస్ తర్వాత నేను కూడా లేచాను. ఇతరుల వెబ్‌సైట్లలో మన వెబ్‌సైటుకు దారి పెడితే, అంటే నొక్కితే మన దగ్గరికి వచ్చే లింకు పెడితే, వెతుకులాటలో మనం పైకి వస్తామని ఎక్కడో చదివాను. దాన్ని బ్యాక్‌లింక్ అంటారు. మన వెనుక మన గురించి మాట్లాడుకోవడాన్ని నేను ఇంతకాలం చాడీలనుకున్నాను, దానికి ఇంత విలువ ఉందని తెలియదు! "వెబ్‌సైటు ఉన్నవాళ్ళందరూ 'చిత్తూరు బేనీషా మామిడి పండ్లు' అనే మాటల మీద నాకు లింకు పెట్టండి, ఒక్క అక్షరం మార్చవద్దు" అని అంశం ఇచ్చాను. సంఘం ఆమేన్ అన్నది. అన్నదే తడవుగా చేసేసింది కూడా! ట్యూషన్ సెంటరు, కుట్టు మిషన్ల దుకాణం, మందిరంలో పాడే మా క్వయర్ పిల్లలు, చివరికి సమాధి రాళ్ళు చెక్కే పౌలన్న కూడా తన రాళ్ళ బొమ్మల కింద మా తియ్యని పండ్ల మాట పెట్టాడు.

ఆ లింకు కట్టిన మాటలకు యాంకర్ టెక్స్ట్ అని పేరు. యాంకరంటే లంగరు, ఓడను కదలకుండా పట్టి ఉంచేది. నా లంగరు నా ఓడనే ముంచిందని అప్పటికి నాకు తెలియదు. ఎవరెవరు ఏ మాటతో మనకు లింకు పెట్టారో చూపించే సాధనం ఒకటి ఉంది. నా తెలివితక్కువతనం చూపించమన్న ఆ ప్రార్థన తర్వాత దాన్ని తెరిచి చూస్తే పైనుంచి కిందిదాకా ఒకటే మాట, ఒకటే మాట, ఒకటే మాట. సొంత మనుషుల ప్రేమను చూసి నాకే అనుమానం వచ్చింది, ఎవరో కూలికి రాయించినట్టుంది! నన్ను ఎరుగని ఆ వెతికే యంత్రానికి రాదా? దొంగ లింకులని అనుమానం వస్తే అది వెబ్‌సైటును వెనక్కి తోసేస్తుందట.

ఒక్క లింకు మాత్రం వేరేగా ఉంది. పాస్టరమ్మ గారు తన వంటల పేజీలో "మా అత్తకు జ్వరం తగ్గినాక నోటికి రుచి తెచ్చిన పండు" అని రాసి, ఆ మాటల మీద లింకు పెట్టారు. వెంటనే ఫోన్ చేశాను.

"అమ్మా, మీరొక్కరే ఎందుకు వేరేగా రాసినారు?"

"కోప్పడొద్దు తల్లీ! నువ్విచ్చిన ముక్క మర్చిపోతిని. అడిగితే ఏమనుకుంటావోనని జరిగింది జరిగినట్టు రాసేస్తిని."

సహోదరులారా, నేను ఫోను పట్టుకొని నవ్వాను, తర్వాత ఏడ్చాను. ఆదివారం మళ్ళీ లేచి నిలబడి, "పండు తిననివాళ్ళు దయచేసి లింకు తీసేయండి, తిన్నవాళ్ళు మీకు జరిగింది మీ మాటల్లో రాయండి, పేరైనా పెట్టండి, ఊరైనా పెట్టండి" అని బతిమాలాను. పౌలన్న ఊరుకుంటాడా!

"ఏమ్మా నిర్మలా, ఆ పొద్దు ఒక్క అక్షరం మారకూడదంటివి, ఈ పొద్దు ఒక్కటీ ఒకే మాదిరి ఉండకూడదంటివి. దేవుడు మాట మార్చడు గదా, నువ్వేంది మే?"

"నేను దేవుణ్ణి కాదన్నా, అదే ఇప్పుడు తెలిసింది!"

మందిరమంతా నవ్వింది. పౌలన్న తాను పండు తినలేదని ఒప్పుకొని లింకు తీసేశాడు. మిగతావాళ్ళు ఒకరు మా తోట పేరు, ఒకరు నా పేరు, ఒకరు "మా పాప టెంకతో ఆడుకున్న పండు" అని రాశారు.

తర్వాత ఎదురుచూపు. రోజులు గడిచాయి, ఏమీ కదలలేదు. కాయలకు పసుపు తిరిగే వేళకు మండీ ఆయన గుత్త మాట్లాడటానికి తోటకే వచ్చేశాడు. మా ఆయన ఆయనకు మజ్జిగ ఇచ్చి, నా వైపు చూసి, "ఈ శనివారం దాకా ఆగప్పా" అన్నాడు. ఆ శనివారం లోపలే మా తోట మూడో పేజీలో కనిపించింది, తర్వాత పైకి పాకింది, మద్రాసునుంచి ఒక పెట్టె అడిగారు, ఆ పెట్టె తిన్నవాళ్ళ పక్కింటివాళ్ళు అడిగారు. దేవునికే మహిమ! ఆ మాటలు మార్చినందుకే వచ్చామా, వేరే ఏదైనా ఉందా అంటే నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు, తెలిసినట్టు చెబితే అది సాక్ష్యం కాదు.

మండీ ఆయనకు వద్దని చెప్పి వచ్చిన సాయంత్రం మా ఆయన మొదటి పెట్టె మీద చెయ్యి పెట్టాడు. మందిరంలో ఏనాడూ నోరు తెరిచి ప్రార్థించని మనిషి.

"ప్రభువా, నాకు ఈ లింకులు తెలీవు. ఈ సెట్లు తెలుసు, నువ్వు తెలుసు. సెట్లు నాకే ఉంచినావు. అంతే."

ఇది చదువుతున్న మీలో ఎవరైనా ఏమి అడగాలో తెలియక, ఎట్లా అడగాలో తెలియక నిలిచిపోయి ఉంటే, సరైన మాటల కోసం ఆగవద్దు. అర్థంకాని చోటనే, తడబడుతున్న మీ మాటతోనే ఆయనను పిలవండి. నా అయోమయాన్ని విన్నవాడు మీది కూడా వింటాడు.