కట్టె విరిగిన చప్పుడు

జనార్దన్ కాక మొదటిసారి నా దగ్గరికి వచ్చింది నన్ను చూడటానికి కాదు. తన సాంచాలో కట్టె విరిగిందనుకుని వచ్చాడు.

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. మా గల్లీలో రెండిళ్లకు ఒక కార్ఖానా ఉంది. కాక పనిచేసే కార్ఖానాకూ మా పెద్దనాన్న కార్ఖానాకూ మధ్య ఒకటే గోడ. పెద్దనాన్న పోయాక ఆయన సాంచాలను తుక్కు కింద అమ్మేశారు. రేకుల కప్పు, నున్నటి సిమెంటు గచ్చు, బోల్టులు పీకేసిన గుంతలు మిగిలాయి. ఆ గుంతల్లో సిమెంటు పూసి అక్కడ స్కేట్‌బోర్డు నేర్చుకోవడం మొదలుపెట్టాను. జగిత్యాలలో ఇంజనీరింగ్ రెండో ఏడు మధ్యలో మానేసి ఇంటికొచ్చిన కొత్తలు అవి. ఎందుకు మానేశానంటే పెద్ద కారణమేం లేదు. కూర్చోలేకపోయాను, అంతే.

బోర్డు తోకను కాలితో గట్టిగా నేలకేసి కొడితే బోర్డు లేస్తుంది, దానితో పాటు మనమూ లేస్తాం. దాన్ని ఓలీ అంటారు. అది రానివాడికి ఇంకేదీ రాదు. ఆ రోజు ఎన్నిసార్లు కొట్టానో లెక్కలేదు. తలుపు నెట్టుకుని ఒక మనిషి లోపలికి వచ్చాడు. చేతిలో పానా, మోకాళ్ల పైకి మడిచిన లుంగీ, తల మీదా మీసాల మీదా పోగుల నూగు.

"ఏది ఇరిగింది?" అన్నాడు.

ఏం విరగలేదన్నాను. ఆయన చూపు నా కాళ్ల మీదికి వచ్చింది. ఇంకోసారి కొట్టి చూపించమన్నాడు. కొట్టాను. ఆయన మొహం అదోలా అయిపోయింది.

సాంచాలో అడ్డపోగు మోసుకుపోయే నాడె అటూ ఇటూ ఎగరాలంటే దాన్ని ఒక కట్టె కొట్టాలి. నిమిషానికి వందకు పైగా దెబ్బలు. ఎప్పుడో ఒకప్పుడు ఆ కట్టె ఫట్‌మని విరుగుతుంది. వెంటనే చూసి ఆపకపోతే పోగులు తెగి గుడ్డ ఖరాబవుతుంది. నా బోర్డు తోక గచ్చుకు తగిలే చప్పుడు అచ్చం అదే. పొద్దటి నుంచి ఆయన తన ఎనిమిది సాంచాలనూ ఒక్కొక్కటే ఆపుకుంటూ, విరగని కట్టె కోసం వెతుకుతున్నాడట.

"నీ చక్రాల పీట పాడుగాను," అని తిట్టి పోయాడు.

కాకకు అప్పుడు యాభై ఆరేళ్లు. పదహారో ఏట మహారాష్ట్రలోని భీవండి పోయి, సాంచాల మీద పన్నెండేళ్లు పనిచేసి, పెళ్లయ్యాక తిరిగొచ్చాడు. కుడిచేతి చూపుడువేలు కొస లేదు. చెవులు దాదాపు పోయాయి. ఆయన భార్య రుక్కమ్మ చిన్నమ్మ నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టేది. పక్కనే కూర్చుని అన్నానికి రమ్మని నాలుగుసార్లు పిలిచినా ఆయనకు వినపడేది కాదు. టీవీ పెడితే గల్లీ అంతా వార్తలు వినాల్సిందే. కానీ ఎనిమిది సాంచాల మోతలో ఏ ఒక్కటి లయ తప్పినా, ఏ పోగు తెగినా, ఏ కట్టె చిట్లినా ఆ చెవులకు తెలిసిపోయేది. మిగతా ప్రపంచమంతా ఆయనకు గుసగుస. ఇది మాత్రం కేక.

మంచివాడని రాయను. కోపిష్టి. కల్లు తాగిన ఆదివారం ఎవరితోనైనా గొడవ పడేవాడు. ఎవరి ముందైనా నన్ను "కాలేజీ ఎగ్గొట్టినోడు" అని పరిచయం చేసేవాడు. కథలు చెప్పే అలవాటు లేదు. భీవండి గురించి ఎంత అడిగినా "మోత" అని ఒక్క మాట అనేవాడు. మళ్లీ పోనని కూతురు రచన పుట్టినప్పుడు ఒట్టేసుకున్నాడని చిన్నమ్మ చెప్పింది.

చప్పుడు నాదని తెలిశాక కూడా ఆయన రావడం ఆగలేదు. ఇది నాకు చాలా రోజులు అర్థం కాలేదు. తెలుసు కదా కాకా, మళ్లీ ఎందుకు లేస్తున్నావని అడిగాను. తెలుసు గానీ కాళ్లు ఆగవన్నాడు. నేను బోర్డు కొడతాను, గోడ అవతల ఆయన ఎనిమిదింటి మీదా చూపు తిప్పుతాడు, అన్నీ బాగానే ఉంటాయి, తలుపు దగ్గరికొచ్చి నిలబడతాడు.

"నీదా?"

"నాదే కాకా."

వెళ్లిపోతాడు. రోజుకు ఐదారుసార్లు. రెండేళ్లు.

స్కేట్‌బోర్డు ఒంటరిగా చేసే పని కాదు. వీడియోల్లో చూస్తే తెలుస్తుంది. ఒకడు దూకుతాడు, ఒకడు వెనకాలే బోర్డు మీద పోతూ షూట్ చేస్తాడు, ట్రిక్ పడగానే, అంటే కిందపడకుండా దిగగానే, పదిమంది అరుస్తూ తమ బోర్డులు నేలకేసి కొడతారు. ఆ కొట్టడమే చప్పట్లు. నాకు షూట్ చేసేది ఇటుకకు ఆనించిన ఫోన్. ట్రిక్ పడ్డాక రేకుల కింద నేనొక్కణ్నే ఉంటాను. అప్పుడు తలుపు దగ్గర పానా పట్టుకుని ఒకాయన నిలబడతాడు. పొరపాటున వచ్చేవాడే. అయినా వచ్చేవాడు.

ఒకరోజు ఒక విరిగిన కట్టె తెచ్చి ఇచ్చాడు. చప్పుడు ఒకటే అయినప్పుడు రెండూ ఒక దగ్గరే ఉండనీ అన్నాడు. దాన్ని రెండు ఇటుకల మీద అడ్డంగా పెట్టి దాని మీది నుంచి దూకడం నేర్చుకున్నాను.

బట్టల సంగతి కూడా చెప్పాలి. నేను వేసేది రెండు సైజులు పెద్ద ప్యాంటు. ఎవరిదిరా అది, మీ నాయనదా అని గల్లీలో అడగనివాడు లేడు. ఎడమ బూటు పక్కన చిల్లు ఉండేది. బోర్డు మీది గరుకు కాగితానికి రాసుకుని రాసుకుని సరిగ్గా ఆ ఒక్కచోటే పడుతుంది. అది మా గుర్తు. ఆ చిల్లు చూస్తే ఏ ఊళ్లోనైనా ఇంకో స్కేటరు గుర్తుపడతాడు. నాకు ఆ చిల్లు పడటానికి ఏడు నెలలు పట్టింది. ఒకరోజు బూట్లు గడపలో విప్పి లోపలికి పోయి వచ్చేసరికి రుక్కమ్మ చిన్నమ్మ దాన్ని కుట్టేసింది. నైలాను పోగుతో, అడ్డం నిలువు నేసినట్టు, గుడ్డలో చినుగు కనపడకుండా అతికినంత నీటుగా. చిల్లు కనపడితే ఊరుకోలేరు ఆ మొగుడూ పెళ్లాలు. నాకు ఏడుపొక్కటే తక్కువ. అవే వేసుకున్నాను.

బోర్డు మొదలుపెట్టిన రెండో ఏడు ఎండాకాలంలో బెంగళూరు నుంచి నడిచే ఒక చిన్న స్కేట్ పత్రిక వాళ్లు ప్రకటన పెట్టారు. చిన్న ఊళ్లలో స్కేట్ చేసేవాళ్ల వీడియోలు ఏరి ఒక సినిమాలా కలుపుతారట. పాట వద్దు, మధ్యలో కత్తిరింపులు వద్దు, ఆ చోటి చప్పుడే ఉండాలి. చక్రాలు దొర్లడం, తోక కొట్టడం, దిగడం, ఇవి వినపడాలి. స్కేట్ చేసేవాళ్లకు చూపు కంటే చప్పుడే నమ్మకం. నేను నా మంచి క్లిప్ పంపాను. కట్టె మీది నుంచి కిక్‌ఫ్లిప్, అంటే గాలిలో బోర్డు ఒక చుట్టు తిరిగి మళ్లీ కాళ్ల కిందికి రావాలి. రెండు రోజులకు జవాబు వచ్చింది. బాగుంది కానీ ఏదో మిషన్ మోత తప్ప ఏమీ వినపడటం లేదు, నెలాఖరులోపు మళ్లీ పంపు అని.

ఆ క్లిప్ తప్ప అప్పుడు నాకు ఇంకేం లేదు. చదువు లేదు, పని అంటే పొద్దున ఆటోలో నీళ్ల క్యాన్లు వేయడం. ఈ గచ్చు మీద ఒకడున్నాడని బయట ఒక్కరికైనా తెలియాలి, అంతే.

మోత లేని చోటు కోసం జగిత్యాల పోయాను. నా పాత కాలేజీ బాస్కెట్‌బాల్ కోర్టులో వాచ్‌మన్ గుర్తుపట్టి, పరీక్షలు రాయడానికి రానోడివి దీనికి వచ్చినవా అని గేటు దాకా వచ్చి పంపించాడు. కోరుట్లలో ఒక ఫంక్షన్ హాలు ముందు గ్రానైటు అద్దంలా ఉంది. రెండుసార్లు బోర్డు నడిపానో లేదో మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. మిగతా చోట్ల రోడ్లు. రోడ్ల మీద కంకర. నున్నటి చోటు నాకు ఒక్కటే ఉంది, దాని చుట్టూ రాత్రీ పగలూ మోత. సాంచాలు ఆగడానికి ఇప్పుడు కరెంటు కూడా పోదు.

చివరికి కాకనే అడిగాను. ఐదు నిమిషాలు ఆపుతావా అని. సాంచా ఆపమని అడగడం ఎంత పెద్ద మాటో నాకు తెలుసు. ఆయన తిట్టలేదు. మధ్యాహ్నం అన్నానికి లేచే వేళ ఎనిమిదీ ఆపి, తలుపు దగ్గరికొచ్చి నిలబడి కానియ్ అన్నట్టు చెయ్యి ఊపాడు. అప్పుడు తెలిసింది, ఆ ఎనిమిది ఆగితే మిగతా గల్లీ ఇంకా గట్టిగా వినపడుతుందని. కొట్టాను, పడ్డాను. మళ్లీ కొట్టాను, పడ్డాను. కాక చాలాసేపు చూసి లోపలికి పోతూ అన్నాడు.

"గల్లీ మొత్తం బందయితె గని నీ పని గాదు. గట్లయితె మంచిగుండునని మొక్కకు బిడ్డా."

మా దిక్కు బిడ్డ అంటే కూతురు. నన్ను అంతకుముందు అలా ఎన్నడూ పిలవలేదు. నేను మొక్కలేదు. కానీ బందయితే బాగుండని ఆ రాత్రి ఒక్కసారి అనుకున్నాను. దాచిపెట్టి లాభం లేదు.

రెండు వారాలకు, సేట్ల దగ్గర నూలు తెచ్చి సాంచాలు నడిపించే ఆసాములకు ఆర్డర్లు ఆగిపోయాయి. నూలు రాలేదు. సాంచా ఒకేసారి ఆగదు. బీము మీద చుట్టి ఉన్న నూలు అయిపోయేదాకా నడుస్తుంది, అయిపోయాక కొత్త బీము ఎక్కకపోతే అలాగే నిలబడిపోతుంది. రోజుకు ఒకటో రెండో. మా గల్లీ మోత రోజురోజుకు పలచబడింది. నేను నీళ్ల క్యాన్లు మోస్తూ అది వింటున్నాను. ఎదురింట్లో కుక్కర్ విజిల్ వినపడింది. తర్వాత చీపురు చప్పుడు. కాకవి ఎనిమిదిలో మూడు మిగిలాయి, తర్వాత ఒకటి. ఆ ఒక్కదాని పక్కన ఆయన రోజంతా నిలబడ్డాడు. అది సాయంత్రం నాలుగింటికి ఆగింది.

మర్నాడు ఆయన తన కార్ఖానా గడప మీద కూర్చున్నాడు. నేను లోపల బోర్డు తీసి ఒక్కసారి కొట్టాను. ఆ నిశ్శబ్దంలో రేకులు అదిరాయి. తలుపు సందులోంచి చూశాను. కాక లేచాడు. చేతిలో పానా లేదు. ఆగిపోయిన సాంచాల వైపు రెండడుగులు వేశాడు. అక్కడే నిలబడ్డాడు. మళ్లీ వచ్చి కూర్చున్నాడు. "నీదా" అని అడగలేదు.

ఆ తర్వాత ఆయన ఉన్నన్ని రోజులు బోర్డు ముట్టలేదు. నెలాఖరుకు ఆరు రోజులుంది.

భీవండి బస్సు మధ్యాహ్నం. చిన్నమ్మ కోరుట్లలో కూతురు దగ్గరికి పోతానంది, అక్కడ బీడీలు చేసుకోవచ్చని. కాక ఒక సంచి, ఒక దుప్పటి పట్టుకుని నా తలుపు దగ్గరికి వచ్చాడు.

"ఇప్పుడు తీసుకో నీ వీడియో. మోత లేదు."

"మళ్ల పోనన్నవు గద కాకా."

"పోననే అన్న," అన్నాడు. అంతే. గచ్చు మీద ఇటుకల మీదున్న కట్టెను కొంచెంసేపు చూసి, ఒక పక్కకు వాలి ఉందని వంగి సరిచేసి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున పదింటికి ఫోన్‌ను ఇటుకకు ఆనించాను. పదిహేడోసారికి పడింది. ఇప్పటికీ ఆ క్లిప్ నాకు మాట మాటా గుర్తుంది, మాటలేవీ లేకపోయినా. చక్రాలు గరగరమంటూ వస్తాయి. ఫట్. గాలిలో ఉన్నంతసేపు ఏమీ ఉండదు. తర్వాత నాలుగు చక్రాలూ ఒక్కసారి నేలకు తగులుతాయి. మళ్లీ గరగర. తర్వాత నేను బోర్డు దిగి నిలబడి తలుపు వైపు చూస్తుంటాను. నాలుగు సెకన్లు.

పంపాను. తీసుకున్నారు. చప్పుడు ఇంత శుభ్రంగా వాళ్లకు ఎక్కడి నుంచీ రాలేదట. రెండు మాటలు అడిగారు. ఆ ఎడమ బూటు మీది కుట్టు ఎవరు వేశారు, మంచి స్టైల్ అని. పక్కింటి ఆమె చిల్లు మూసిందని రాశాను. ఇంకోటి, చివర్లో ఎవరి కోసం చూస్తున్నావు, ఆ నాలుగు సెకన్లు తీసేయమంటావా అని. దానికి నేను జవాబు రాయలేదు. వాళ్లే తీసేశారు. సినిమాలో నేను ఐదు సెకన్లుంటాను. కింద ఊరి పేరు తప్పు రాశారు. కామెంట్లలో ఎవరో ఈ చప్పుడు కోసమే పదిసార్లు చూశానని రాశాడు. గల్లీలో ఎవరికీ తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఒక్క మనిషికి చెప్పాలనిపించింది.

ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తాడు. వెనక మోత, వందల సాంచాలు. ఉండు అని అరిచి ఎక్కడికో నడిచాడు, మెట్లు దిగినట్టుంది, మోత కొంచెం తగ్గింది. వీడియో వచ్చింది కాకా అన్నాను. వినపడలేదు. ట్రిక్ పడింది అన్నాను. తిన్నవా అని అడిగాడు. తిన్నానన్నాను. అదీ వినపడలేదు.

మాటలతో కాదనుకుని ఫోన్ స్పీకర్ పెట్టి గచ్చు మీద ఉంచాను. బోర్డు ఎక్కి, ఒక్కసారి, ఎంత గట్టిగా కొట్టగలనో అంత గట్టిగా కొట్టాను.



"ఆగు, ఆగు. ఏదో ఇరిగింది," అన్నాడు కాక.

చెప్పుల చప్పుడు, మెట్ల మీద. తర్వాత భీవండి మోత ఒక్కసారిగా పెరిగింది. ఫోన్ జేబులో వేసుకున్నాడో, మెట్ల మీదే పెట్టి పోయాడో తెలియదు. ఆయన అక్కడ ఒక్కో సాంచా దగ్గరా ఆగి చూస్తూ ఉంటాడు. దేనికీ ఏమీ అయి ఉండదు.

"నాదే కాకా," అన్నాను. ఇంకోసారి గట్టిగా అన్నాను.

ఫోన్ కట్ కాలేదు. బోర్డు మీద కూర్చుని ఆ మోత వింటూ ఉన్నాను. మా గల్లీలో పోయినదే అది.