గన్నేరు రెమ్మ

మాణిక్యం పత్రిలో మోసం ఉండదని పటమటలో పేరు. వినాయక చవితికి ముందు మూడు రోజులు ఆమె పామర్రు చుట్టుపక్కల కాలవ గట్లన్నీ కాళ్ళరిగేలా తిరిగేది. ఉత్తరేణి, వావిలి, జిల్లేడు, ఉమ్మెత్త, రేగు, ఏది ఏ గట్టున మొలుస్తుందో ఆమెకు కంఠతా వచ్చు. దేవదారు మన నేలలో దొరకదు గనక అదొక్కటీ కొట్లో కొనేది. మిగతా ఇరవై ఆకులూ తన చేత్తో కోసినవే. పక్కన కూర్చుని అమ్మేవాళ్ళు కానుగ కొమ్మ విరిచి తెల్లమద్ది అని అంటగడుతుంటే ఆమెకు ఒళ్ళు మండిపోయేది. "దేవుడికి కూడా దొంగ సరుకేనా?" అని మొహం మీదే అడిగేసేది. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస.

అయితే ఎంత నిక్కచ్చి మనిషికైనా బేరం దగ్గర నోరు కాస్త జారుతుంది. "ఇవి ఉత్త ఆకులు కావమ్మా, ఇరవై ఒక్కటీ ఇరవై ఒక్క మందులు" అనేది. ఎప్పుడో ఎవరో పంతులుగారు అంటే విన్న మాట అది. ఆ మాట అంటే నలుగురూ ఆగుతున్నారని పట్టుకుంది. వావిలాకు బాలింతల నీళ్ళకి, ఉత్తరేణి పుల్ల పళ్ళకి, మారేడు కడుపుకి, తులసి దగ్గుకి. ఈ నాలుగింటి సంగతీ ఆమెకు నిజంగానే తెలుసు. ఆ నాలుగింటి బలం మీద మిగతా పదిహేడింటినీ ఈడ్చుకొచ్చేది.

నిరుడు చవితి నాడు పదకొండున్నరకి, బేరం మంచి జోరు మీద ఉండగా, ఫోను మోగింది. చేసింది సుస్మిత. మొదటి ఏడు నుంచీ మాణిక్యం దగ్గరే పత్రి కొంటున్న సీతమ్మగారి కోడలు.

"మాణిక్యంగారూ, అత్తయ్యగారికి ఆగకుండా వాంతులండి. పూజకి పోగా మిగిలిన పత్రి కషాయం కాచుకుని అరగ్లాసు తాగారు. మందని మీరే చెప్పారంట కదా. హాస్పిటల్‌కి తీసుకొచ్చాం. అందులో ఏమేం ఉన్నాయని డాక్టరుగారు అడుగుతున్నారు."

మాణిక్యం చేతిలో కట్ట కింద పెట్టేసింది. "ఉమ్మెత్త, గన్నేరు ఉన్నాయమ్మా. ముందు ఆ మాట చెప్పండి."

"ఉమ్మెత్త అత్తయ్యగారే తీసి పారేశారండి. గన్నేరు మొత్తం దేవుడి మీదే పెట్టేశానంటున్నారు మా ఆయన."

"కషాయం గిన్నె పారబొయ్యకండి. ఆకులతో సహా అక్కడికి తెప్పించండి. నేనొస్తున్నా."

గన్నేరు పప్పు మింగితే చస్తారని ఈ జిల్లాలో పసిపిల్లలకి కూడా తెలుసు. ఆకు సంగతే ఎవరికీ తట్టదు. ఎలా తడుతుంది? అది దేవుడి నెత్తిన పెట్టే ఆకాయె. సీతమ్మగారు ఆ ధైర్యంతోనే తాగింది. మాణిక్యం కూడా అందరిలా కానుగా వేపా కలిపి అంటగట్టి ఉంటే ఈ గండమే లేకపోను. ఆటోలో కూర్చుని అదే అనుకుని, ఛీ, ఇదేం బుద్ధి అని తన్ను తానే తిట్టుకుంది.

హాస్పిటల్లో సీతమ్మగారి కొడుకు గంగాధర్ ఎదురొచ్చాడు. అతని చేతిలో మూత పెట్టిన స్టీలు గిన్నె ఉంది.

"అమ్మ నాడి పడిపోతోంది. ఇందులో గన్నేరు గనక దొరికితే నిన్ను స్టేషన్లో కూర్చోబెడతా."

"కూర్చుంటాను బాబూ. ముందు గిన్నె ఇలా ఇవ్వండి."

వెనకాలే వచ్చిన డాక్టరు కుర్రది, ఇరవై ఎనిమిదేళ్ళుంటాయేమో. "గన్నేరైతే వైద్యం వేరు. కచ్చితంగా తెలియాలండి. త్వరగా చూడండి" అంది.

పళ్ళెం తెప్పించి, గిన్నెను అందులో వంచింది మాణిక్యం. ఉడికి నల్లబడిన ముద్ద. తులసి, రేగు, ఉత్తరేణి అన్నీ కలిసిపోయి బురదలా ఉన్నాయి. గన్నేరాకు అలా మెత్తబడదు, తోలులా బిరుసుగా ఉంటుంది, మధ్య ఈనె వేలికి తగులుతుంది. దొరక్కూడదు దేవుడా అనుకుంటూనే వెతికింది. సీతమ్మగారి కోసమూ అనుకుంది, తన కోసమూ అనుకుంది.

వేలికి ఈనె తగిలింది.

ఒక్క క్షణం ఆమె చెయ్యి ఆగింది. ముద్ద కింద అదిమేస్తే చూసేవాడు లేడు. గంగాధర్ కళ్ళు తలుపు వైపే ఉన్నాయి. లోపల ఏదో మిషను టిక్కు టిక్కుమని, మధ్యమధ్యలో ఆగి కొట్టుకుంటోంది. మాణిక్యం ఆ ఆకును లాగి పళ్ళెం అంచున పెట్టింది. గన్నేరుకు కణుపుకు మూడేసి ఆకులుంటాయి. అందుకని ఇంకా వెతికింది. రెండోది దొరికింది, మూడోదీ దొరికింది.

"గన్నేరేనండి. రెమ్మొకటి మిగిలిపోయినట్టుంది, మూడాకులు పడ్డాయి. నేనమ్మిన కట్టలోవే" అంది. డాక్టరు పళ్ళెం వదిలేసి లోపలికి పరుగెత్తింది. గంగాధర్ గోడకి చేరగిలబడి కూర్చుండిపోయాడు.

మాణిక్యం మళ్ళీ అంగడికి పోలేదు. అమ్ముడుపోని పత్రి రోడ్డు మీదే వాడిపోయింది. రెండు రోజులు హాస్పిటల్ వరండాలో బెంచీ మీదే ఉంది. పొమ్మన్నవాళ్ళు లేరు, ఉండమన్నవాళ్ళూ లేరు. సుస్మిత మాత్రం పూటపూటా టీ తెచ్చి పక్కన పెట్టి వెళ్ళేది. ఏ నర్సు బయటికొచ్చినా మాణిక్యం లేచి నిలబడేది.

మూడో రోజు పొద్దున సుస్మిత వచ్చి, గండం గడిచిందని, అత్తయ్యగారు రమ్మంటున్నారని చెప్పింది.

సీతమ్మగారి మొహం పాలిపోయి ఉంది. మాణిక్యాన్ని చేత్తో దగ్గరికి పిలిచింది. మందలిస్తుందనుకుంది మాణిక్యం, తిట్టినా పడదామనే సిద్ధపడి వెళ్ళింది.

"మాణిక్యం, ఒక్కటి అడుగుతా, నిజం చెప్పు. మీ ఇంట్లో ఎప్పుడైనా ఆ పత్రి కాచుకు తాగారా?"

"లేదమ్మా."

"మీ పిల్లలకి?"

"ఒక్కనాడూ ఇవ్వలేదమ్మా."

"మరి నాకెందుకు చెప్పావే?"

మాణిక్యం తల దించుకుంది.

"ఎండ ఎక్కకముందే అమ్ముడుపోతాయనమ్మా" అంది.