ఫోటోలో ఉన్నది ఉన్నట్టు

పాతవీధిలో అందరూ ఆయన్ని టేపు మాస్టారంటారు. పురపాలక సంఘంలో పాత ఇళ్ళ పరిరక్షణ ఉద్యోగం ఆయనది. తల పైకెత్తుకునే నడుస్తాడు కాబట్టి ఆయన మోకాలికి తగలని సైకిలు ఆ వీధిలో లేదు. పన్నెండేళ్ళ కిందటి సర్వేలో ప్రతి ఇంటి ముందుభాగానికీ తీసిన ఫోటోల ఆల్బం ఎప్పుడూ చంకలోనే ఉంటుంది. ఇల్లు ఆ ఫోటోలో ఉన్నట్టే ఉండాలి. తలుపు రంగు మారినా, కిటికీకి ఒక్క ఊచ తగ్గినా నోటీసు చేతిలో పెడతాడు.

ఆ రోజు దర్జీ ఇంటి ముందు గంటసేపు కదల్లేదు. ఊచలు రెండుసార్లు లెక్కపెట్టాడు, గుమ్మం టేపుతో కొలిచాడు, గోడకు చెవి ఆనించి తట్టి చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా ఏదో వెలితి.

"ఏదో తీసేశారమ్మా," అన్నాడు దర్జీ భార్యతో.

ఆమె ఫోటోలోకి తొంగిచూసింది. "మా అత్తగారండీ. ఎప్పుడూ ఈ మెట్టు మీదే కూర్చునేవారు. దారినపోయేవాళ్ళందరి దగ్గరా ఇంటి గుట్టు రట్టు చేస్తున్నారని నిన్ననే వెనకగదిలోకి మార్చాం."

"ఎవరి అనుమతితో?"

ఆమె నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది.

"ముందుభాగంలో ఏది మార్చాలన్నా దరఖాస్తు పెట్టుకోవాలి. తెలీదా?"

లోపల్నుంచి కర్ర చప్పుడైంది. ముసలావిడ వచ్చి మెట్టు మీద చతికిలబడింది. "ఆ ముక్క కాగితం మీద రాసివ్వు నాయనా. మా కోడలికి నోటితో చెబితే చెవికెక్కదు."

టేపు మాస్టారు ఫోటోనీ ఆవిడనీ మార్చి మార్చి చూశాడు. "శాలువా రంగు మారింది," అని గొణుక్కుంటూ నోటీసు పుస్తకం తెరిచాడు.